సూరతు మండలపు న్యాయవాది: భూలాభాయి దేశాయి

సూరతున కాపురముండు తెలుగువారికి బార్డోలీ క్రొత్త పేరు కాదు. నగరమునకు తూర్పుగా, తాపీ లోయ రైలుమార్గమున నున్న యూరు అది. ఆ పేరు విన్నంతనే మనకు స్ఫురించువారు వల్లభభాయి పటేలు. సర్దారు బిరుదము వారికి దక్కినది అక్కడనే. ఆ కీర్తిలో మఱియొకరికి పాలు పెట్టవలెనని నా యుద్దేశము కాదు. అయినను 1928 ఆగస్టులో సత్యాగ్రహము ముగిసిన పిమ్మట బార్డోలీలో రెండవ పోరాటమొకటి నడచినది. అది కాగితములమీద, అంకెలతో, చట్టపు సెక్షనులతో నడచిన పోరాటము. దానికి పాటలు లేవు, ఊరేగింపులు లేవు. ఆ పోరాటమున రైతుల పక్షమున ముందుగా నిలిచి వాదించినవారు ఈ మండలముననే పుట్టిన భూలాభాయి దేశాయి.

పదునేడేండ్ల పిమ్మట ఢిల్లీ ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల ప్రాణములకొఱకు వాదించిన న్యాయవాదియు ఆయనయే. ఈ రెండు వ్యాజ్యములకు నడుమ కేంద్ర శాసనసభలో పదియేండ్లకు పైగా కాంగ్రెసు పక్షమునకు నాయకులై యుండిరి. ఇతరుల పక్షమున ఇంత చక్కగా వాదించిన యీ మనుష్యునకు తన వ్యాజ్యము వచ్చినప్పుడు మాత్రము వాదించువారు లేకపోయిరి. ఆ సంగతి తెలుగున విరివిగా వినబడునది కాదు గనుక ఇచట చెప్పబూనితిని.

భూలాభాయి 1877 అక్టోబరు 13వ తేదీన చిఖ్లీ గ్రామమున జన్మించిరి. ఆ యూరు నేడు నవసారి జిల్లాలోనిది. 1964లో వల్సాడును, 1997లో నవసారియు వేఱు జిల్లాలుగా నేర్పడకమునుపు ఆ ప్రాంతమెల్ల సూరతు మండలమే. చిఖ్లీ ప్రక్కన పాఱు ఏటి పేరు కావేరి. పేరు విని మనవారు దక్షిణ దేశమును తలచుకొనవచ్చును గాని, అది అంబికా నదిలో కలియు చిన్న యేఱు. దేశాయి వంశమువారు అనావిల బ్రాహ్మణులు. తరువాతి కాలమున ప్రధానమంత్రియైన మొరార్జీ దేశాయియు ఈ ప్రాంతమువారే, ఈ శాఖవారే.

భూలాభాయి చదువు వల్సాడులోని అవాబాయి పాఠశాలలో ఆరంభమై బొంబాయి భర్దా హైస్కూలున సాగినది. 1895లో మెట్రిక్యులేషను పరీక్షలో పాఠశాలకెల్ల ప్రథములుగా నుత్తీర్ణులైరి. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చరిత్రయందును అర్థశాస్త్రమునందును ప్రథమ స్థానము పొంది వర్డ్స్‌వర్త్ బహుమానమును గైకొనిరి. ఎం.ఏ. పట్టము పొందిన తరువాత అహమ్మదాబాదు గుజరాత్ కళాశాలలో ఇంగ్లీషును, చరిత్రను బోధించిరి. ఉపాధ్యాయ వృత్తిలో నుండగనే న్యాయశాస్త్రము చదివి, 1905లో బొంబాయి హైకోర్టున అడ్వొకేటుగా పేరు నమోదు చేయించుకొనిరి. పాఠము చెప్పు అలవాటు ఆయనను విడిచినట్లు లేదు. ఎంతటి చిక్కు వ్యాజ్యమునైనను మొదటినుండి విప్పి, తెలియనివానికి తెలియునట్లు చెప్పుటయే ఆయన వాద పద్ధతి.

ఆ కాలపు బొంబాయి హైకోర్టు బారు దేశములోకెల్ల గట్టిది. వర్తకుల తగవులు, మిల్లుల తగవులు, లక్షలమీది వీలునామాలు అచటికి వచ్చుచుండెను. మహమ్మదాలీ జిన్నా ఆ బారులోనివాడే. అట్టిచోట భూలాభాయి ముందువరుసకు చేరిరి; కొంతకాలము బొంబాయి ప్రభుత్వమునకు తాత్కాలిక అడ్వొకేటు జనరలుగ కూడ పనిచేసిరి. స్వతంత్ర భారతమునకు మొదటి అటార్నీ జనరలైన మోతీలాల్ సెతల్వాడ్ ఆయనయొద్ద జూనియరుగా పని నేర్చినవారే.

రాజకీయములందు మాత్రము ఆయన తొందరపడిన మనిషి కాదు. మొదట అనిబిసెంటు హోమ్‌రూల్ లీగులో చేరిరి. తరువాత మితవాదులైన లిబరలు పక్షముతో నడచిరి. 1920-22 నాటి సహాయనిరాకరణ కాలమున కోర్టులు విడిచి వచ్చిన న్యాయవాదులలో ఆయన లేరు. మన తెలుగు సీమలో టంగుటూరి ప్రకాశము పంతులుగారు వేలకొలది రూపాయల ప్రాక్టీసును ఆనాడే విడిచిరి గదా! అట్లు చూచినచో భూలాభాయిది ఆలస్యముగా వచ్చిన దేశసేవ. 1923లో భార్య ఇచ్ఛాబెన్ కాన్సరు వ్యాధితో మరణించిరి. ఒక్కడే కుమారుడు, ధీరూభాయి. యాబదియవ యేట సర్వము సమకూరిన యొక పెద్ద న్యాయవాది; పుట్టిన మండలమునుండి పిలుపు రాకపోయినచో అట్లే యుండిపోయెడివారేమో.

ఆ పిలుపు బార్డోలీది. మనలో పెక్కుమందిమి దస్త్రములతో బ్రదుకువారము గనుక ఈ ఘట్టమువద్ద కొంచెము నిలుతము.

బొంబాయి రాజధానిలో రైతువారీ భూములకు ముప్పదియేండ్లకొకసారి శిస్తు తిరిగి నిర్ణయింపబడుచుండెను. దానికి రివిజన్ సెటిల్మెంటు అని పేరు. బార్డోలీ తాలూకాకు ఈ సవరణ 1926లో వచ్చినది. జయకర్ అను డిప్యూటీ కలెక్టరు విచారణ జరిపి, రైలుమార్గము వచ్చినది, ధరలు పెరిగినవి, పక్కా ఇండ్లు లేచినవి, జనులు సుఖముగ నున్నారు అని కారణములు చూపి, నూటికి ముప్పది చొప్పున శిస్తు పెంచవచ్చునని వ్రాసెను. ఆ రిపోర్టు సెటిల్మెంటు కమిషనరు ఆండర్‌సన్ వద్దకు పోయెను. ఆయన జయకర్ చూపిన కారణములను పెక్కింటిని త్రోసివేసి, కౌలు లెక్కలు మాత్రమే నమ్మదగినవని, వానినే ఆధారము చేసికొని నూటికి ఇరువదితొమ్మిది సిఫారసు చేసెను. ప్రభుత్వము 1927 జూలైలో ఇరువదిరెండుకు దించి ఉత్తరువు చేసెను. ఒకరు కారణములు వ్రాసిరి. రెండవవారు ఆ కారణములు పనికిరావనిరి. అయినను ఫలితము మాత్రము దాదాపు అట్లే నిలిచినది. ఆఫీసు పని యెఱిగినవారికి ఇది వింతగా తోపదు.

ఇక ఆ కౌలు లెక్కల సంగతి. ఏడేండ్లలో తాలూకాలో కౌలునకిచ్చిన భూములనెల్ల కూడగా సుమారు 43 వేల ఎకరములైనది. ఆ యేడేండ్ల మొత్తమును ఆండర్‌సన్ ఒక్క యేటి విస్తీర్ణముగా గైకొనెను. అప్పుడు తాలూకా భూమిలో మూడవవంతు కౌలుక్రింద నున్నట్లు తేలినది. నిజమునకు ఏటికి ఆఱు వేల ఎకరములు; అనగా నూటికి అయిదో, ఆఱో. ఒక పట్టికను ఒక అధికారి తప్పుగా చదివినందున ఎనుబదివేలకు పైబడిన జనుల తలపై భారము పడబోయినది. ఈ పొరపాటును పట్టి చూపినవారు గాంధీజీ అనుచరులైన నరహరి పారిఖు.

తరువాతి కథ లోకవిదితము. 1928 ఫిబ్రవరి 12న రైతులు శిస్తు చెల్లింపమని ప్రతిన పట్టిరి. పశువులు జప్తులైనవి, భూములు వేలమైనవి, తలాటీలును పటేళ్లును రాజీనామాలిచ్చిరి. తలాటీ యనగా మన కరణము వంటివాడు. అట్టివాడు కొలువు విడిచెననిన ప్రభుత్వపు చేతివ్రేళ్లు తెగినట్లే. ఆగస్టులో రాజీ కుదిరినది. ఒక న్యాయాధికారియు, ఒక రెవిన్యూ అధికారియు కూడి నిష్పక్షపాత విచారణ జరుపవలెను; వారి యెదుట రైతుల పక్షమున ప్రతినిధులు సాక్ష్యము చూపవచ్చును, ప్రశ్నింపవచ్చును.

విచారణకు నియుక్తులైనవారు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అను దొరలు. 1922లో అహమ్మదాబాదున గాంధీజీకి ఆఱేండ్లు శిక్ష విధించిన జడ్జి ఈ బ్రూమ్‌ఫీల్డే. అట్టివాని యెదుట రైతులకేమి న్యాయము దొరకునని సందేహించినవారు ఉండిరనుటలో వింత లేదు. ఆ సందేహము వమ్మయినది. వారి యెదుట రైతుల వాదమును ఆరంభించుటకు వల్లభభాయి యెన్నుకొన్నది భూలాభాయిని. అప్పటికింకను ఆయన కాంగ్రెసువారు కారు.

ఆయన పట్టుకొన్న మొన 1879 నాటి బొంబాయి భూమిశిస్తు చట్టములోని 107వ సెక్షను. శిస్తు సవరించునప్పుడు భూమి విలువను, సేద్యపు భూమియైనచో సేద్యమువలన కలుగు లాభమును చూడవలెనని అందు కలదు. లాభమనగా నేమి? పండిన పంట వెల కాదు. విత్తనము, ఎరువు, ఎద్దులు, కూలి, ఇంటివారి చాకిరి, ఇవి యన్నియు తీసివేయగా మిగిలినది. ఆ మిగులును లెక్కింపక, ధరలు పెరిగినవి గనుక శిస్తు పెంచుదుమనుట చట్టమునకు విరుద్ధము. ఇక కౌలు లెక్కలే ప్రమాణమందురా, ఆ కౌళ్లు నిజమైన కౌళ్లు కావలెను. అప్పు తీసికొని భూమిని తాకట్టు పెట్టి, ఆ భూమినే తిరిగి కౌలునకు గైకొన్న రైతు చెల్లించునది వడ్డీయే గాని కౌలు కాదు. తన పొలమునకు ప్రక్కనున్న ముక్కకై పోటీపడి హెచ్చు ధర యిచ్చినవాని కౌలు ఊరికెల్ల కొలత కాదు. వాదమంతయు ఇట్లు నేలపై కాళ్లూని నడచినది. సామ్రాజ్యము, స్వాతంత్ర్యము అను మాటల కందు చోటు లేదు.

ఈ పునాది వేసి భూలాభాయి బొంబాయికి మరలిరి. ఊరూర తిరిగి విచారించు పని మహాదేవ దేశాయి, నరహరి పారిఖు, రామనారాయణ పాఠకుల పాలబడినది. విచారణాధికారులు పల్లెలకు పోయి, రైతులను కూర్చుండబెట్టి, కౌలుచీటీలు తెప్పించి చూచిరి. జయకర్ రిపోర్టునకు ఆధారమైన కౌలు పట్టికలు పల్లెలలో సరిచూడక కూర్చినవని తేలినది. లాభమును లెక్కకట్టవలెనను భూలాభాయి సూత్రమును అధికారులు అవలంబింపలేదు. వారు తుదకు కౌలు లెక్కలమీదనే నడచిరి. కాని కౌళ్లలో నిజమైనవేవి, కానివేవి అను వివేచన ఆయన చూపిన దారిలోనిదే. 1929లో వారి రిపోర్టు వెలువడినది. ఇరువదిరెండు పోయి ఆఱు చిల్లర మిగిలినది. బార్డోలీ, చోర్యాసీ తాలూకాలు రెండింటను కలిపి ఏటికి సుమారు 1,87,000 రూపాయల పెంపు, సుమారు 48,600 రూపాయలకు దిగినది. చోర్యాసీ యనగా సూరతు నగరమును చుట్టుకొనియున్న తాలూకాయే. మన నివాసములు పెక్కు ఆనాటి ఆ పొలములమీద లేచినవే.

ఈ రిపోర్టు ప్రతిధ్వని మన సీమను చేరకపోలేదు. కృష్ణా గోదావరి మండలములందు ఆ కాలముననే రీసెటిల్మెంటు శిస్తు పెంపుపై రైతుల ఆందోళన సాగుచుండెను. బార్డోలీ వలె విచారణ జరుపుడని అచటివారు కోరుటకు ఒక మాదిరి దొరికినది.

బార్డోలీ భూలాభాయిని మార్చివేసినది. రైతుల పట్టుదలను కన్నులార చూచిన యీ లిబరలు న్యాయవాది 1930లో కాంగ్రెసులో చేరిరి. విదేశవస్త్ర బహిష్కారమునకై స్వదేశీ సభ నేర్పాటు చేసి, ఎనుబది మిల్లులను అందు చేర్పించిరి. మిల్లు యజమానులతో ఆయనకు గల వృత్తి పరిచయము ఇచట దేశమునకు పనికివచ్చినది. ప్రభుత్వము ఆ సభను చట్టవిరుద్ధమని ప్రకటించి 1932లో ఆయనను చెఱసాలకు పంపెను. నాసిక్ జైలులో ఆరోగ్యము చెడినది. విడుదలయై చికిత్సకై ఐరోపాకు పోయి వచ్చిరి.

1934 నవంబరు ఎన్నికలలో గుజరాతునుండి కేంద్ర శాసనసభకు ఎన్నికై, కాంగ్రెసు పక్షమునకు నాయకులైరి. ఆ సభను గూర్చి నేటివారికి కొంత చెప్పవలసియున్నది. 145 మంది సభ్యులలో 41 మంది ప్రభుత్వము నియమించినవారు. సభ తిరస్కరించిన బిల్లును గవర్నరు జనరలు తన ప్రత్యేకాధికారముచేత చట్టము చేయవచ్చును. గెలిచినను ఫలము లేని ఆట. అయినను భూలాభాయి ఆ ఆటను శ్రద్ధతో నాడిరి. జిన్నా నాయకత్వమునగల స్వతంత్రులను ఒప్పించి, కలిసి వోటు వేయించి, ప్రభుత్వమును పలుమార్లు ఓడించిరి. ఫైనాన్సు బిల్లును సభ కాదనుట, వైస్రాయి దానిని సర్టిఫై చేయుట ఏటేట జరుగు తంతువలె నయ్యెను. దీనివలన నేమి లాభమని యడుగవచ్చును. ప్రజల సమ్మతిలేక ఈ ప్రభుత్వము పన్ను వసూలు చేయుచున్నదను మాట, ఉపన్యాస వేదికపైగాక, సర్కారువారి స్వంత రికార్డులో ఎక్కినది. న్యాయవాదికి రికార్డు విలువ తెలియును.

ఆ బెంచీలమీద ఆయన వెనుక కూర్చున్నవారిలో మన తెలుగు దేశపు ప్రతినిధులు ఉండిరి. ఆచార్య ఎన్.జి. రంగా రైతుల సంగతి, వి.వి. గిరి కార్మికుల సంగతి చెప్పుచుండిరి. తిరుపతి మాడభూషి అనంతశయనం అయ్యంగారు నిబంధనలను తిరుగవేయుటలో ప్రసిద్ధులు. ఒకరు తరువాతి కాలమున లోకసభకు స్పీకరు, ఒకరు రాష్ట్రపతి అయిరి. శాసనసభ పనిని వారు నేర్చిన బడులలో భూలాభాయి నడపిన ఆ పక్షమొకటి.

యుద్ధము వచ్చినది. భారతీయుల నడుగకయే భారతదేశమును యుద్ధమున దింపినారని కాంగ్రెసు సభ్యులు సభకు పోవుట మానిరి. 1940 నవంబరులో యుద్ధవ్యయమునకై ఫైనాన్సు బిల్లు వచ్చినప్పుడు మాత్రము భూలాభాయి సభకు వచ్చిరి. ఇది భారతదేశపు యుద్ధము కానిచో భారతీయుల తోడ్పాటు కోరుటకు మీకు హక్కు లేదని 19వ తేదీన వాదించిరి. డిసెంబరు 10న వ్యక్తి సత్యాగ్రహమున అరెస్టయి యరవాడ జైలునకు పోయిరి. 1941 సెప్టెంబరులో అనారోగ్యముచేత విడుదల చేయబడిరి. ఈ యనారోగ్యమే 1942 ఆగస్టులో నాయకులందఱును చెఱసాలకు పోయినప్పుడు ఆయనను వెలుపల నుంచినది. తరువాతి చిక్కు అక్కడనుండియే ఆరంభమైనది.

గాంధీజీ 1944 మేలో విడుదలయైరి. నెహ్రూ, పటేలు, ఆజాదు మొదలగువారు మాత్రము 1945 జూను వఱకు లోపలనే యుండిరి. దేశము స్తంభించియున్నది. సభలో భూలాభాయి కెదుట కూర్చున్నవాడు ముస్లిం లీగు ఉపనాయకుడైన లియాఖత్ ఆలీ ఖాను. వీరిరువురును మాటలాడుకొని, 1945 జనవరిలో ఒక కాగితమునకు వచ్చిరి. కేంద్రమున మధ్యకాల ప్రభుత్వ మేర్పడవలెను. అందు కాంగ్రెసును, లీగును సమ సంఖ్యలో సభ్యులను సూచింపవలెను. షెడ్యూల్డు కులములకును, సిక్కులకును చోటుండవలెను. సభ కాదన్న దానిని గవర్నరు జనరలు ప్రత్యేకాధికారముచేత రుద్దరాదు. ఆ ప్రభుత్వపు మొదటి పని కాంగ్రెసు నాయకులను విడుదల చేయుట. గాంధీజీకి చెప్పియే భూలాభాయి ముందుకు నడచిరి.

ఆ కాగితము బయటపడగనే జిన్నా తన కేమియు తెలియదనెను. లియాఖత్ ఆలీ తప్పించుకొనెను. జూనులో విడుదలయైన కాంగ్రెసు నాయకులు, తాము చెఱసాలలో నుండగా తమ నడుగక సమత్వమును ఒప్పుకొనుటకు ఈయన యెవరని ఆగ్రహించిరి. వారి కోపమున కొంత న్యాయమున్నది. దేశమున నాలుగవ వంతు జనమునకు ప్రతినిధినని చెప్పుకొను పక్షమునకు సగము పీఠములిచ్చుట చిన్న విషయము కాదు. కాని ఆ జూనులోనే వైస్రాయి వేవెల్ సిమ్లాలో సవర్ణ హిందువులకును ముస్లిములకును సమసంఖ్య అను సూత్రమునే బల్లపై పెట్టగా, అదే నాయకులు కూర్చుండి చర్చించిరి. చెప్పినమాట తప్పయితే ఇరుచోట్లను తప్పే గదా! నాకు తోచినంతవఱకు భూలాభాయి చేసిన తప్పు ఒప్పందము కాదు. కక్షిదారు ఊరలేని సమయమున ప్లీడరు రాజీపత్రముపై చేవ్రాలు చేయుట. వృత్తిలో నలుబదియేండ్లు గడపిన వాడు దాని ఫలము నెఱుగకపోవుట ఆశ్చర్యము.

ఆ యేటి చివర కేంద్ర శాసనసభకు ఎన్నికలు వచ్చినవి. పదియేండ్లకు పైగా పక్షమును నడపిన భూలాభాయికి కాంగ్రెసు టికెట్టు లభింపలేదు. విచారణ లేదు, సంజాయిషీ అడుగుట లేదు. బార్డోలీ రైతునకు దొరికిన పాటి విచారణ ఆయనకు దొరకలేదు.

సరిగా ఆ నెలలలోనే ఎఱ్ఱకోట కేసు వచ్చినది. బర్మా రంగమున పట్టుబడిన ఆజాద్ హింద్ ఫౌజు అధికారులలో మువ్వురను, షానవాజ్ ఖాను, ప్రేమ్ కుమార్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్, సైనిక న్యాయస్థానము ముందుంచిరి. ఒక ముస్లిము, ఒక హిందువు, ఒక సిక్కు. మలయాలోని రబ్బరు తోటలనుండి ఆ సేనలో చేరిన దక్షిణాది కూలీలలో తెలుగువారును ఉండిరి గనుక ఈ వ్యాజ్యము ఉత్తర దేశపు సంగతి మాత్రమే కాదు. వారి రక్షణకై కాంగ్రెసు నియమించిన సంఘమున తేజ్ బహదూర్ సప్రూ, కైలాసనాథ కట్జూ, ఆసఫ్ ఆలీ ఉండిరి. జవాహర్‌లాల్ నెహ్రూ ఎన్నియో యేండ్ల పిమ్మట బారిస్టరు గౌను ధరించి వచ్చిరి. వాదించు భారము భూలాభాయిపై పడెను. టికెట్టు నిరాకరించిన పక్షమే ఈ బరువును ఆయన భుజములపై పెట్టినది, ఆయన కాదనలేదు. దేహమప్పటికే శిథిలమైయున్నది.

1945 నవంబరు 5న విచారణ ఆరంభమైనది. ఏడుగురు సైనికాధికారులు న్యాయమూర్తులు. అధ్యక్షుడు మేజరు జనరలు బ్లాక్స్‌లాండ్. ప్రభుత్వ పక్షమున అడ్వొకేటు జనరలు సర్ నౌషీర్వాన్ ఇంజనీరు. నేరము: చక్రవర్తిపై యుద్ధము చేయుట, పాఱిపోజూచిన సైనికులను కాల్పించినందుకు హత్య, హత్యాప్రేరణ. వాస్తవములు కాదనుటకు వీలులేదు. యుద్ధము చేసితిమని ముద్దాయిలే యొప్పుకొనుచున్నారు. అట్టి వ్యాజ్యమున సామాన్యుడైన ప్లీడరు దయ చూపుడని వేడుకొనును. భూలాభాయి ఆ దారి త్రొక్కలేదు.

ఆయన వాదమిట్లు సాగినది. ఇది నేరగాండ్ర గుంపు చేసిన దొమ్మి కాదు, యుద్ధము. 1943 అక్టోబరు 21న సింగపూరులో ఒక ప్రభుత్వమేర్పడినది. దానికి మంత్రులు, సేన, సైనిక చట్టము, ఖజానా కలవు. జపాను, జర్మనీ మొదలగు రాజ్యములు దానిని గుర్తించినవి. దీనిని ఋజువు చేయుటకు జపాను విదేశాంగ శాఖవారినే సాక్షులుగా రప్పించిరి. పరాధీనమైన జాతి స్వాతంత్ర్యమునకై యుద్ధము చేయునప్పుడు, ఆ యుద్ధమున చేసిన పనులకు అంతర్జాతీయ న్యాయమే వర్తించును గాని ఇండియా శిక్షాస్మృతి వర్తింపదు. ఇక రాజభక్తి మాట. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడినప్పుడు బ్రిటిషు అధికారులే భారత సైనికులను జపానువారికి అప్పగించి, ఇకమీద వారి యాజ్ఞలు పాలింపుడనిరి. అప్పగించినవాడు భక్తిని ఎట్లు కోరును? రాజును, దేశమును వేఱైనప్పుడు మనుష్యుడు దేశమును ఎన్నుకొనుట పాపమా? ఇందుకు ఆయన చూపిన దృష్టాంతము అమెరికా. 1776లో అచటి వలసవారు, న్యాయవాదులును శాసనసభ్యులును ముందునడువగా, అదే బ్రిటిషు రాజునకు ఇచ్చిన భక్తిని వెనుకకు తీసికొన్నవారే. వారిని నేడు ఎవ్వరును నేరస్థులనరు.

డిసెంబరు 17, 18 తేదీలలో సుమారు పది గంటలకాలము, వ్రాసికొన్నది చదువక ఆయన చేసిన వాదమిది. బార్డోలీలో వలెనే ఇచటను కేక లేదు, కన్నీరు లేదు. ఒక మెట్టుపై నొక మెట్టు.

న్యాయస్థానము ఒప్పుకొనలేదు. డిసెంబరు 31న మువ్వురును యుద్ధము చేసిన నేరమున దోషులని తేల్చినది. హత్యానేరము ధిల్లానుపై నిలువలేదు, హత్యాప్రేరణ సహగల్‌పై నిలువలేదు. షానవాజుపై మాత్రము ప్రేరణ నేరము నిలిచినది. మువ్వురకును యావజ్జీవ ద్వీపాంతరవాసమును, కొలువునుండి తొలగింపును, జీతపు బాకీల జప్తును శిక్షలు. 1946 జనవరి 3న సేనాధిపతి ఆఖిన్‌లెక్ ద్వీపాంతరవాసమును రద్దు చేసి, తక్కిన రెండింటిని ఉంచెను. దేశమెల్ల ఉప్పొంగియుండగా ఆ శిక్ష నమలుపఱచుట సాధ్యము కాదని ఆయనకు తెలియును. వీధులలోని జనము కారణమా, కోర్టులోని వాదము కారణమా అని విడదీయుట కష్టము. కాని జనము ఊరక ఉప్పొంగలేదు. ఏమి జరిగినదో, ఎందుకు జరిగినదో ప్రతిదినము పత్రికలలో చదువుకొనిరి. ఆ చదివినదంతయు ఆ కోర్టులో సాక్షుల నోటను, భూలాభాయి ప్రశ్నలవలనను వెలువడినదే.

మువ్వురును విడుదలయై ఊరూర సన్మానములందుకొనిరి. వారి న్యాయవాది బొంబాయికి మరలి పడకనెక్కిరి. నాలుగు నెలలు బ్రదికిరి. 1946 మే 6వ తేదీన, అఱువదితొమ్మిదవ యేట, మరణించిరి. ఆ దినమున సిమ్లాలో క్యాబినెట్ మిషను ఎదుట కాంగ్రెసు నాయకులును లీగు నాయకులును కూర్చుండి, కేంద్రమున ఎవరికెన్ని పీఠములు, సమత్వమెంత అని మరల చర్చించుచుండిరి. ఆ యేటి అక్టోబరులో లీగు మధ్యకాల ప్రభుత్వమున చేరినది. అందు ఆర్థిక శాఖను గైకొన్నది లియాఖత్ ఆలీ ఖానే.

కుమారుడు ధీరూభాయి స్వతంత్ర భారతమునకు స్విట్జర్లాండున మొదటి రాయబారియై, 1951లో చనిపోయిరి. బొంబాయి వార్డెన్ రోడ్డులోని భూలాభాయి భవనము ఆయన పేర కళాసంస్థయైనది. రవిశంకరు అచట సితారు నేర్పిరి; హుస్సేను, గాయతొండే అచట చిత్రములు వ్రాసిరి; అల్కాజీ నాటకములాడించిరి. సెతల్వాడ్ తన గురువు జీవితమును ఇంగ్లీషున వ్రాయగా, 1968లో భారత ప్రభుత్వ ప్రచురణల విభాగము దానిని ముద్రించెను.